అడిగించుకునే హక్కు
(ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య స్మారకోపన్యాసం, పిట్టలవానిపాలెం)



ఆంధ్రరత్న పేరు చెప్పగానే మనవాళ్ళకు ఆయన చాటువులు, మాటలోని చమత్కారం, ఆయన సేవాదళం రామదండు కాషాయ వస్త్రాలు గుర్తుకొస్తాయి. 1889లో పెనుగంచిప్రోలులో పుట్టినా ఆయన పెరిగింది మనకు దగ్గర్లోని కూచినపూడిలో. ఎడింబరో వెళ్ళి ఎం.ఏ. చదివి వచ్చిన మనిషి, ఏ కొలువులోనూ కుదురుకోకుండా చీరాల నేతగాళ్ళ మధ్యకు వచ్చి కూర్చున్నారు. 1928 జూన్‌లో, 39 ఏళ్ళకే, క్షయవ్యాధి ఆయన్ను తీసుకుపోయింది. ఆ కొద్దికాలంలో ఆయన చేసిన పనుల్లో ఈ సభకు అన్నిటికన్నా దగ్గరైనది చీరాల-పేరాల ఉద్యమం. దాన్ని స్వాతంత్ర్య సమరంలో ఒక ఘట్టంగా మాత్రమే పిల్లలకు చెబుతున్నాం. ఒక ఊరు తన రోడ్ల గురించి, తన మురుగు గురించి, తన పన్నుల గురించి తానే మాట్లాడతానని పట్టుబట్టిన కథగా కూడా దాన్ని చదువుకోవాలని నా మనవి. అలా చదివితే, మన వీధి దీపం దగ్గర్నుంచి డ్రెయిన్ పూడిక దాకా ఇవాళ మనం పడుతున్న ప్రతి ఇబ్బందికీ దానితో సంబంధం కనిపిస్తుంది.

చీరాలలో జరిగింది

చీరాల, పేరాల, ఆ పక్కనున్న ఊళ్ళు కలిసి అప్పట్లో ఒక యూనియన్‌గా ఉండేవి. జనం ఏడాదికి సుమారు 4 వేల రూపాయలు పన్ను కట్టేవాళ్ళు. మద్రాసు ప్రభుత్వం ఆ యూనియన్‌ను మునిసిపాలిటీ చేసింది. పన్ను ఒక్కసారిగా 40 వేలకు ఎగబాకింది. మగ్గం మీద బతికే ఇళ్ళు. పూటకు పూట సంపాదన. పట్టణ సౌకర్యాలు, పారిశుద్ధ్యం అని ప్రభుత్వం అంది. మాకు ఈ మునిసిపాలిటీ వద్దు, పాత యూనియనే చాలు అని జనం అర్జీలు పెట్టుకున్నారు. వినే నాథుడు లేకపోయాడు. ఎన్నికైన సభ్యులు రాజీనామా చేస్తే, ప్రభుత్వం తన అధికారిని పెట్టి మునిసిపాలిటీని నడిపించింది. పన్ను కట్టనివాళ్ళను జైలుకు పంపింది. ఆ జైలుకు వెళ్ళినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు.

1921లో విజయవాడ కాంగ్రెస్ సమావేశాల తర్వాత గాంధీజీ చీరాల వచ్చారు. మీ ముందు రెండు దారులున్నాయి అన్నారు: హింస లేకుండా పన్నులు నిరాకరించడం, లేదా ఊరు ఖాళీ చేసి మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్ళిపోవడం. గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో జనం రెండో దారి పట్టారు. సుమారు 15 వేల జనాభాలో 13 వేల మందికి పైగా ఇళ్ళు వదిలి, హద్దు అవతల పాకలు వేసుకుని, దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అక్కడే గడిచాయి. దాదాపు పదకొండు నెలలు. మగ్గాలు అక్కడే నడిచాయి. అన్ని వర్గాల ప్రతినిధులతో సభ ఏర్పాటు చేసుకుని, తగాదాలు తామే తీర్చుకున్నారు. ఆంధ్రరత్నను అరెస్టు చేసి ఏడాది జైలులో పెట్టాక ఉద్యమం నెమ్మదించింది, జనం తిరిగి ఇళ్ళకు చేరారు.

ఉద్యమం ఓడిపోయిందనేవాళ్ళున్నారు. నేనలా అనుకోను. పన్ను ఎక్కువ కావడం వాళ్ళ కోపానికి సగం కారణం. తమను ఒక్కమాట అడగకుండా తమ ఊరి రూపురేఖలు మార్చేయడం మిగతా సగం. మా ఊరి సంగతి మమ్మల్ని అడిగి చెయ్యండి అనే ఒక్క మాట కోసం పసిపిల్లలతో, ముసలివాళ్ళతో పాకల్లో కాపురమున్నారు. ఆ మాటకు చట్టం రూపం రావడానికి మరో 70 ఏళ్ళు పట్టింది.

చట్టం ఏం చెబుతోంది, మనం ఏం చేస్తున్నాం

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాన్ని అనుసరించి మన రాష్ట్రం 1994లో పంచాయతీరాజ్ చట్టం చేసుకుంది. అందులో 6వ సెక్షన్ గ్రామసభ గురించి. పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఎవరూ చేర్చుకోనక్కర్లేదు, చందా కట్టనక్కర్లేదు. ఏడాదికి కనీసం రెండుసార్లు సభ జరగాలి. పంచాయతీ జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, గడిచిన ఏడాది పాలన, రాబోయే ఏడాది చేయబోయే పనులు, పథకాల లబ్ధిదారుల ఎంపిక అక్కడ పెట్టాలి. కొత్త పన్ను వేయాలన్నా, ఉన్న పన్ను పెంచాలన్నా ఆ ప్రతిపాదన కూడా గ్రామసభ ముందుకు రావాలి. చీరాల జనం రామనగరంలో కూర్చుని అడిగింది ఇదే కదా!

మరి మన గ్రామసభలు ఎలా జరుగుతున్నాయి? 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. ఉపాధి హామీ పనులు ఎంపిక చేశారు. మంచి పని. గ్రామసభ అనే మాట చాలాకాలానికి ఇంటింటా వినిపించింది. అయితే ఒక పండగరోజు సభ జరిగితే ఊరి అలవాటు మారదు.

ఊరి పేరు చెప్పను. ఒక పంచాయతీలో తీర్మానాల పుస్తకం తిరగేసే అవకాశం నాకు వచ్చింది. ఎర్ర అట్ట, మధ్యలో పేజీలు తేమకు అంటుకుపోయాయి. గ్రామసభ జరిగినట్టు తేదీ ఉంది, డప్పు వేయించినట్టు రాసి ఉంది. తీర్మానాలన్నీ ఒకే చేతివ్రాత, అన్నిటి చివరా ‘సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’. ఆ కింద సంతకాలు. మొదటి పదీ పన్నెండు సంతకాలు తీరుబడిగా చేసినవి. తర్వాతవి వరసగా ఒకే సిరాలో, ఒకే వాలుతో, ఇంటింటికీ పుస్తకం పట్టుకెళ్ళి చేయించినట్టు తెలిసిపోతూనే ఉన్నాయి. వేలిముద్రల పక్కన పేర్లు రాసి ఉన్నాయి గానీ, ఆ వేలు ఎవరిదో రాసినవాళ్ళనే అడగాలి. ఒక్క ప్రశ్న అయినా ఎవరైనా అడిగినట్టు, ఒక్కరైనా ఒప్పుకోలేదన్నట్టు ఆ పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు. మూడు వందల గడపలున్న ఊరికి ఏడాది పొడుగునా ఒక్క సందేహం కూడా రాలేదంటే నమ్మగలమా? సందేహాలు వచ్చాయి. టీ బడ్డీ దగ్గర, చెరువుగట్టు మీద, ఆటోలో వచ్చాయి. రావలసిన చోటికి మాత్రం రాలేదు.

తప్పంతా సర్పంచిదో, కార్యదర్శిదో అని చేతులు దులుపుకోలేం. అడగనివ్వని కాలంలో ఊరు ఖాళీ చేసి వెళ్ళిన జనానికి వారసులం మనం. అడగమని చట్టమే పిలుస్తున్న కాలంలో ఇంట్లో కూర్చుంటున్నాం. ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. తక్కినవన్నీ దీనికి సాక్ష్యాలు.

శివారు ఊళ్ళ నీరు, మురుగు

మనది శివారు. విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. పడమటి కాలువ సీతానగరం దగ్గర బయల్దేరి, దుగ్గిరాల వచ్చి, అక్కడ కొమ్మమూరు, నిజాంపట్నం వగైరా కాలువలుగా చీలుతుంది. 13 లక్షల ఎకరాల పైచిలుకు కృష్ణా డెల్టాలో పడమటి వైపుది సుమారు 5.7 లక్షల ఎకరాలు. కాలువ తల దగ్గర ఉన్నవాడు తూము ఎత్తుకుంటే పారుతుంది. మనం మాత్రం నారుమళ్ళకు నీళ్ళెప్పుడు వస్తాయోనని నీళ్ళు వదిలే లస్కర్ రాక కోసం చూస్తూ ఉండాలి. వానలు దంచినప్పుడు కథ తిరగబడుతుంది. పొన్నూరు, చేబ్రోలు వైపు పడ్డ నీరంతా పల్లానికి దిగి సముద్రానికి పోవాలి. అప్పుడు మొదట మునిగేదీ, ఆఖరున తేలేదీ శివారు పొలాలే.

ఒక డ్రెయిన్ వంతెన మీద నిలబడి చూడండి. నీళ్ళు కనిపించవు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గుర్రపుడెక్క పరుచుకుని ఉంటుంది, ఊదారంగు పూలు పూసి. అంచుల్లో తూటికాడ. దాని వేళ్ళకు ప్లాస్టిక్ సంచులు, కల్లు సీసాలు, వినాయకుడి పందిరి తాలూకు గుడ్డ పీలికలు చిక్కుకుని ఉంటాయి. వంతెన కానాకు అడ్డంగా ఆ దిమ్మె ఇరుక్కున్నదంటే ఎగువన రెండు అడుగుల నీరు నిలిచిపోతుంది. వరి వెన్ను పాలు పోసుకునే వేళ నాలుగు రోజులు ఆ నీళ్ళలో నిలబడితే గింజ తాలయిపోతుంది. ఇంకా దిగువన, సముద్రపు మొగ దగ్గర ఇసుక మేట వేసి ఉంటే, పోటు సమయంలో మురుగు వెనక్కి తన్నుతుంది. ఇందులో ఏ ఒక్కటీ ఒక్క ఊరు బాగుచేసుకోగలిగింది కాదు. గుర్రపుడెక్క మన దగ్గర తీస్తే ఎగువ నుంచి వారం తిరక్కుండా మళ్ళీ కొట్టుకొస్తుంది.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. 1960లలో ఎ.సి. మిత్రా కమిటీ కృష్ణా గోదావరి డెల్టాల మురుగు సమస్యను పరిశీలించింది. ఆ పనుల ఖర్చుకని 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది. మన తాతలు ఎకరాకింత అని కట్టారు. 1997లో రైతుల చేతుల్లోనే సాగునీటి యాజమాన్యం పెడుతూ చట్టం చేసి, రాష్ట్రవ్యాప్తంగా పదివేలకు పైగా నీటి సంఘాలు ఏర్పరచారు. దేశంలో మరే రాష్ట్రమూ అప్పటికి ఇంత విస్తారంగా ఆ పని చేయలేదు. చాలా ఏళ్ళు స్తంభించిపోయిన ఆ సంఘాలకు 2024 డిసెంబరులో మళ్ళీ ఎన్నికలు జరిగాయి. సంఘం ఉంది, చట్టం ఉంది.

లేనివి రెండు. ఒకటి, ఊళ్ళ మధ్య మాట. ఎగువ ఊరి సంఘమూ దిగువ ఊరి సంఘమూ వేసవిలో, కాలువలు కట్టేశాక, పూడిక తీయక ముందు ఒకచోట కూర్చుని, ఏ కానా దగ్గర ఏముందో, ఏ పని ముందో రాసుకుంటే, ఆ కాగితం ఇంజనీరుగారి బల్ల మీద బరువుగా కూర్చుంటుంది. విడివిడిగా పెట్టిన పది అర్జీలకు ఆ బరువు రాదు. రెండు, కౌలు రైతు. రికార్డులో పేరున్నవారికే సంఘంలో ఓటు. మన వైపు భూమి ఉన్నవారిలో చాలామంది గుంటూరులోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్నారు. రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని బోదె దగ్గర కాపలా కాసేవాడి పేరు మామూలుగా ఏ రికార్డులోనూ ఉండదు. నీరు వచ్చిందో లేదో తెలిసినవాడికి చెప్పే చోటు లేదు, చెప్పే చోటున్నవాడికి నీటి సంగతి తెలియదు. ఓటు ఇవ్వడం చట్టం పని. పిలిచి కూర్చోబెట్టి వినడం మన పని, దానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

ఊరంటే ఎవరు?

ఈ ప్రాంతంలో నేల లోపలి నీటిని ఉప్పు తరుముకొస్తోంది. అందుకే మనకు మంచినీటి చెరువు ప్రాణం. కాలువలు కట్టేసేలోపు చెరువు నింపుకోకపోతే మే నెలలో బిందెలు పట్టుకుని ట్యాంకరు చుట్టూ తిరగాలి. గట్టు పటిష్ఠంగా ఉందా, ఫిల్టర్ బెడ్డులో ఇసుక మార్చి ఎన్నాళ్ళయింది, ట్యాంకు కడిగిన తేదీ గోడ మీద రాశారా, పక్కనున్న రొయ్యల చెరువు నీరు ఎటు వదులుతున్నారు? ఇవి అడగడానికి ఇంజనీరింగు చదవనక్కర్లేదు. నీళ్ళు మోసే ఆడవాళ్ళకు ఇవన్నీ తెలుసు. కాబట్టి ఊరి నీటి సంగతి మాట్లాడే సభలో వాళ్ళు వెనక వరుసలో కూర్చుంటే ఆ సభకు సగం సంగతి తెలియనట్టే.

చెరువు గురించి ఈ జిల్లాలో మాట్లాడేవాడు కారంచేడును దాటి పోకూడదు. 1985 జులైలో అక్కడ తాగే నీళ్ళ చెరువు దగ్గర, నీళ్ళు పాడుచేయవద్దని ఒక దళిత మహిళ అడ్డుచెప్పడంతో మొదలైన గొడవ మర్నాడు మాదిగపల్లె మీద దాడిగా మారి ఆరుగురు దళితులను బలితీసుకుంది. 1991 ఆగస్టులో తెనాలికి దగ్గర్లోని చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఊరి బాగు, ఊరి ఐకమత్యం అని మనం ఉపన్యాసాలు చెప్పేటప్పుడు ఆ ఊరిలో దళిత కాలనీ ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. శ్మశానానికి దారి ఎవరికి ఉంది, ఎవరికి లేదు? వాన పడితే ఎవరి వీధి నీరు ఎవరి వాకిట్లో నిలుస్తుంది? సంఘం పెట్టి, కమిటీలో అన్ని పేర్లూ ఒకే బజారువి అయితే అది ఊరి సంఘం కాదు, బజారు సంఘం. కారంచేడులో ఆ తల్లి నోరు విప్పింది నీళ్ళ శుభ్రత గురించి. ఆ మాట వినవలసిన సభ ఆ ఊళ్ళో లేకపోయింది. మన ఊళ్ళలో ఉందని చెప్పుకోగలగాలి.

గాలి లేచినప్పుడు

1977 నవంబరు 19 ఉప్పెన చూసినవాళ్ళు ఈ సభలో ఉన్నారు. దివిసీమ పేరుతో దాన్ని లోకం గుర్తుపెట్టుకుంది గానీ, బాపట్లలో తలదాచుకోవడానికి చర్చిలో చేరిన దాదాపు వంద మంది అది కూలి చనిపోయారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పటికి ముందస్తు హెచ్చరికలు వచ్చాయి, జనాన్ని తరలించారు, ప్రాణాలు చాలావరకు నిలిచాయి. పంట నిలవలేదు. కోసి పనల మీదున్న వరి నీళ్ళలో తేలింది. బాపట్ల పరిశోధనా కేంద్రం 1986లో లోకానికిచ్చిన 5204 రకం, సాంబ మసూరి, పుట్టిన గడ్డ మీదే మొలకెత్తిపోయింది.

తుపాను రాకముందు రోజు, వచ్చిన రోజు ప్రభుత్వం చేయగలిగింది చేస్తుంది. తర్వాత నెల రోజులు ఊరిది. నష్టం రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగికి ఏ పొలంలో కౌలుదారు ఎవరో, ఏ ఇంటి కప్పు లేచిపోయిందో చెప్పేదెవరు? గట్టిగా మాట్లాడగలిగిన నలుగురు చెబితే జాబితా ఆ నలుగురిదే అవుతుంది. గోడకు అంటించిన జాబితా అందరూ చదివి, అభ్యంతరాలు ఒకచోట కూర్చుని చెప్పుకున్న ఊళ్ళో అన్యాయం తగ్గుతుంది. అలాంటి కూర్చోవడం గాలి లేచాక అలవాటు కాదు. ముందు నుంచీ ఉండాలి.

రాతి మీద లెక్క

మన మండలంలోని చందోలు 12వ శతాబ్దిలో వెలనాటి చోడుల రాజధాని. ఆ కాలపు శాసనాలు చదివినవారికి తెలుసు. గుడిలో అఖండ దీపానికి ఎవరు ఎన్ని గొర్రెలు ఇచ్చారో, వాటిని తీసుకుని రోజూ ఇంత నెయ్యి పోస్తానని ఏ బోయ ఒప్పుకున్నాడో రాతి మీద చెక్కేవాళ్ళు. ఇచ్చినవాడి పేరుతో పాటు చేయవలసినవాడి పేరు కూడా. దారిన పోయే ప్రతివాడూ చదువుకోవచ్చు. రాజు భక్తి సంగతి అలా ఉంచితే, ఆ రాతలో ఉన్న జవాబుదారీ నాకు ముచ్చటగా ఉంటుంది. ఇవాళ మన ఊళ్ళలో దాత పేరు ఆర్చీ మీద బంగారు అక్షరాల్లో ఉంటుంది. ఆ ఆర్చీ పక్కన మంచినీటి ప్లాంటు మూతపడితే బాధ్యత ఎవరిదో ఎక్కడా రాసి ఉండదు. అమెరికా నుంచి మన పిల్లలు పంపే డబ్బుకు కొదవ లేదు. కట్టించేవాళ్ళున్నారు, నడిపించేవాళ్ళే కావాలి.

నడిపించిన ఊళ్ళు లేకపోలేదు. వరంగల్ వైపు గంగదేవిపల్లి వంటి చిన్న ఊరు తాగునీటికి ఒక కమిటీ, పారిశుద్ధ్యానికి ఒకటి, పొదుపుకు ఒకటి అంటూ పనిని ఇళ్ళ మధ్య పంచుకుని దేశమంతా వచ్చి చూసేలా ఎదిగింది. మన జిల్లాలోనే వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచీ నిలబడింది. ఒక ఊరివాళ్ళు పెట్టుకున్న గ్రంథాలయం వందేళ్ళు దాటిందంటే, ఎవరో ఒకరు ప్రతిరోజూ తలుపు తీసి, పుస్తకం పద్దు రాశారన్న మాట.

ఈ ఊరికి, పక్క ఊళ్ళకు నేను అడిగేవి పెద్ద పనులు కావు. ప్రతి బజారు నుంచీ, ప్రతి కాలనీ నుంచీ ఇద్దరు, వారిలో ఒకరు ఆడవారు ఉండేలా ఊరి సంఘం పెట్టుకోండి. కౌలు రైతులకు అందులో చోటివ్వండి. ఏడుగురుంటే చాలు, 2001 నాటి సంఘాల చట్టం కింద రిజిస్టరు చేయించుకోవచ్చు. చేయించుకోకపోయినా ఫర్వాలేదు గానీ నెలకోసారి కూర్చోవడం మానకండి. అడిగిన ప్రశ్న, అడిగిన తేదీ, ఎవరిని అడిగారు, వచ్చిన జవాబు: ఈ నాలుగూ ఒక పుస్తకంలో రాయండి. జవాబు రాకపోతే ఆ గడి ఖాళీగా ఉంచి గ్రామసభలో చదవండి. ఇక్కడి సమస్య ఇక్కడ తేలకపోతే బాపట్ల వెళ్ళండి. 2022లో జిల్లా ఏర్పడ్డాక కలెక్టరు కచేరీ గుంటూరు నుంచి మన గుమ్మంలోకి వచ్చింది. వెళ్ళేటప్పుడు ఒక్కరుగా కాక, పుస్తకంతో వెళ్ళండి. పార్టీ జెండాలు గుమ్మం బయట పెట్టి రండి. ఊరికి మురుగు పోవడంలో పార్టీ లేదు.

గ్రామసభ రోజున తలుపులు వేసుకుని ఇంట్లో ఉండకండి. పొలం పని ఉంటే ఇంట్లోంచి ఒకరైనా రండి. జమాఖర్చు చదవమనండి. అర్థం కాకపోతే రెండోసారి చదవమనండి. మీకు సమ్మతం కాని తీర్మానం ఉంటే, సమ్మతం కాదని మీ పేరుతో రాయించండి. ‘ఏకగ్రీవంగా’ అనే మాట నిజంగా అందరూ ఒప్పుకున్నప్పుడే ఆ పుస్తకంలో పడాలి. ఆంధ్రరత్న పేరిట దండలు వేయడానికి ఏడాదికి ఒకరోజు చాలు. ఆయన అడిగిన హక్కును వాడుకోవడానికి మాత్రం ప్రతి గ్రామసభకూ మనం హాజరు కావాలి.